సుధకు, జార్జియన్ క్రియల గురించి

చిరంజీవి సుధకు మామయ్య ఆశీస్సులు.

జార్జియన్ వాక్యాల నిర్మాణాన్నీ అర్థాన్నీ కంప్యూటర్ చేత విశ్లేషింపజేసే పని మీద జార్జియా రాజధాని త్బిలీసీ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మన ఇంటి పిల్ల ఇంత కష్టమైన భాషను ఎంచుకున్నందుకు గర్వంగా ఉంది. ఆ క్రియలతో ఒంటరిగా ఎలా నెగ్గుకొస్తావోనని దిగులుగానూ ఉంది.

లిపి త్వరగానే వస్తుంది, 33 అక్షరాలు. మనకు లాగే పెద్దక్షరాలు లేవు కాబట్టి వాటిని చూసి పేర్లను పట్టుకోవడం కుదరదు. ఎన్నో భాషల వాక్యాలను ఒకే పద్ధతిలో విశ్లేషించి ఉంచిన యూనివర్సల్ డిపెండెన్సీస్‌లో జార్జియన్ వాక్యవృక్షాలు, అంటే ఏ పదం దేనికి చెందుతుందో చెట్టులా గీసి చూపిన వాక్యాలు, ఉన్నాయి, దించుకో. నార్వేలోని బెర్గెన్‌లో పాల్ మోయిరర్ కంప్యూటర్ కోసం రాసిన జార్జియన్ వ్యాకరణం గురించి చదువు.

నా భయమంతా ఒక పాత పొరపాటు గురించే: ప్రథమా విభక్తిలో ఏది ఉంటే అదే కర్త అనుకోవడం. ‘అమ్మ ఉత్తరం రాస్తోంది’ అన్నప్పుడు అమ్మ ‘దేదా’, ఉత్తరం ‘త్సెరిల్స్’. ‘రాసింది’ అనగానే అమ్మ ‘దేదామ్’ అవుతుంది, ఉత్తరం ‘త్సెరిలి’ అయి ప్రథమలోకి వస్తుంది. ‘రాసిందట’ అనాలంటే ఉత్తరం ప్రథమలోనే ఉంటుంది, అమ్మ మాత్రం ‘దేదాస్’. మొదటి వాక్యంలో ఉత్తరానికి ఉన్న చతుర్థి ఇప్పుడు అమ్మకు వచ్చింది!

ఒకప్పుడు ఒక పార్సర్‌ను, అంటే వాక్యాన్ని విడదీసి కర్త ఏదో కర్మ ఏదో చెప్పే ప్రోగ్రామును, దగ్గరుండి చూశాను. వర్తమానంలో చక్కగా నడిచింది. భూతకాలం రాగానే ఉత్తరమే అమ్మను రాసిందని తేల్చింది. తయారుచేసినవాళ్లు కంగారుపడి, సకర్మక క్రియకు భూతకాలంలో ‘మా’ లేదా ‘మ్’ చేరిన పదమే కర్త అని సూత్రం అతికించారు. తర్వాత ‘పిల్లవాడు ఏడ్చాడు’ వచ్చింది. కర్మ లేదు, అయినా ‘బావ్ష్వ్‌మా’. ‘పిల్లవాడు వెళ్లాడు’ అంటే మాత్రం ‘బావ్ష్వి’. అతుకు మీద అతుకు వేస్తూ పోయారు. క్రియ ఏ తరగతిదో, కాలరూపం ఏ వరుసలోదో రెండూ తెలిస్తేనే విభక్తి తేలుతుందని చివరిదాకా గ్రహించలేదు. జార్జియన్ భాషావేత్త అకాకీ షానిడ్జే ఈ కాలరూపాలకు ‘మ్త్స్క్రివి’ అని పేరు పెట్టి వరుసలుగా పేర్చింది నీలాంటివాళ్ల కోసమే. ముందు నిఘంటువులో ప్రతి క్రియకూ తరగతి రాసుకో, ఆ తర్వాతే వృక్షాల జోలికి వెళ్లు. కర్త, కర్మ ఇద్దరి గుర్తులూ క్రియలోనే ఉండవచ్చు. విడిగా సర్వనామం కనబడలేదని అర్థంలోంచి మనిషిని తీసేయకు.

ఇంగ్లీషు అనువాదం చూసి అర్థం నిర్ణయించావని తెలిస్తే మాత్రం నాకు కోపం వస్తుంది. ‘రాసిందట’ కాస్తా అక్కడ ‘రాసింది’ అయిపోతుంది. కళ్లారా చూసినదానికీ తర్వాత తెలిసినదానికీ తేడా పోతే ఇక అర్థ విశ్లేషణ ఎందుకమ్మా? ‘నాకు ఆకలిగా ఉంది’, ‘నాకు ఇష్టం’ అంటూ పెరిగినదానివి, అనుభవించే మనిషి చతుర్థిలో ఉండటం నీకు వింతగా అనిపించదు. అలాగని తెలుగును తెచ్చి వాళ్ల మీద రుద్దకు, వాళ్ల క్రియ మోసే గుర్తులన్నీ మన క్రియకు లేవు.

సందేహం వచ్చిన ప్రతి వాక్యాన్నీ అక్కడివాళ్ల చేత చదివించు. సోవియట్ పాలనలో, జార్జియా రాజ్యాంగంలో జార్జియన్‌కు ఉన్న అధికార భాష హోదాను తీసేయబోతే 1978 ఏప్రిల్ 14న వేలాదిగా త్బిలీసీ వీధుల్లోకి వచ్చి కాపాడుకున్నవాళ్లు వాళ్లు. సాయం చేసినవాళ్ల పేర్లు, వాళ్లు ఒప్పుకుంటే, నీ సిద్ధాంత గ్రంథంలో వేయి.

నీ ప్రోగ్రాముకు స్కోరు ఎంత వచ్చిందో చెప్పడానికి ఫోను చేయకు. ఏ వాక్యాలు తప్పాయో చెప్పు, ఎంత రాత్రయినా వింటాను. స్వెట్టర్లు మరచిపోకు. నువ్వు గుర్తులు వేసిన మొదటి వాక్యాలను దిద్దకముందే నాకు పంపించు తల్లీ.

మీ మామయ్య