హైబ్రిడ్ బస్సు లాభం బ్రేకుల లెక్కలో ఉంది

నగర రవాణాకు హైబ్రిడ్ బస్సులు (డీజిల్ ఇంజినుతో పాటు బ్యాటరీ, మోటారు కూడా ఉన్నవి) కొనడం లాభసాటేనా, లేక ఆ డబ్బుతో నేరుగా ఎలక్ట్రిక్ బస్సులే తెచ్చుకోవడం మంచిదా అని మీరు అడిగారు. నేను హైదరాబాదులో సిటీ బస్సు డిపో గ్యారేజీలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, మెకానికల్ ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. డీజిల్ బస్సుల మధ్యే నా ఉద్యోగం గడిచిపోయింది. హైబ్రిడ్ బస్సును దగ్గరగా చూసింది మాత్రం అమెరికాలో, మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు. ఈ రెండు అనుభవాలూ కలిపి నేను చెప్పగలిగిన జవాబు ఇది: హైబ్రిడ్ బస్సు లాభమో నష్టమో బస్సును చూసి చెప్పలేము, అది తిరిగే రూటును చూసి చెప్పాలి. ఆ రూటులో డ్రైవరు రోజుకు ఎన్నిసార్లు బ్రేకు నొక్కుతాడన్నదే అసలు లెక్క.

సాయంత్రం ట్రిప్పులు ముగించుకొని గ్యారేజీకి వచ్చిన బస్సు వెనుక చక్రాల దగ్గర నిలబడితే మొహానికి వేడి కొడుతుంది. బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు పడితే చుయ్యిమంటాయి, కాలిన బ్రేకు లైనర్ల వాసన పిట్టు (బస్సు కింద దిగి పనిచేసే గుంత) దాకా వస్తుంది. ఆ వేడి అంతా మనం డబ్బు పెట్టి కొన్న డీజిలే. హైబ్రిడ్ బస్సులో బ్రేకు నొక్కినప్పుడు మోటారు జనరేటరులా తిరిగి, ఆ శక్తిలో కొంత భాగాన్ని బ్యాటరీలోకి పంపుతుంది. బస్సు మళ్లీ కదిలేటప్పుడు అదే శక్తి ఇంజినుకు సాయంగా నిలుస్తుంది. హైబ్రిడ్ బస్సు చేసే ముఖ్యమైన పొదుపు ఇదే. సిగ్నల్ దగ్గర ఇంజిను ఆగడం వంటివి ఆ తర్వాతి మాటలు, పైగా ఇంజినుతో తిరిగే ఏసీ ఉన్న బస్సయితే మన ఎండల్లో ఇంజినును ఆపడం కూడా కుదరదు.

ఒకసారి కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు నడిచే కిలోమీటర్లు) బాగా పడిపోయిన ఒక బస్సు ఎందుకు అంత డీజిల్ తాగుతోందో చూడడానికి, సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నం వెళ్లే 5కె రూటులో డ్రైవరు వెనుక సీట్లో కూర్చొని, అది ఆగిన ప్రతిసారీ కాగితం మీద గీత గీశాను. ఒక్క ట్రిప్పులో 38 గీతలు వచ్చాయి. వాటిలో సగం లకిడికాపూల్, మాసాబ్ ట్యాంక్ దగ్గర నత్తనడకన పోతూ ఆగినవి, కాబట్టి వాటిని వదిలేద్దాం. మిగిలిన 19 మాత్రం 40 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగినవి. రోజుకు 16 సింగిల్ ట్రిప్పులు, సుమారు 200 కిలోమీటర్లు తిరిగే బస్సుకు ఇవి దాదాపు 300 అవుతాయి.

ఇప్పుడు ఆ 300 విలువ ఎంతో చూద్దాం. జనంతో కలిపి 15 టన్నుల బరువున్న బస్సు 40 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే, పావు యూనిట్ కరెంటుకు సమానమైన శక్తి వేడిగా పోతుంది. జనరేటరులో, బ్యాటరీలో, మోటారులో పోయే నష్టాలు తీసేస్తే అందులో సగం తిరిగి చక్రానికి చేరుతుందనుకుందాం. అంటే 300 బ్రేకులకు 38 యూనిట్ల దాకా మిగులుతాయి. లీటరు డీజిల్లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉన్నా, ఇంజిను నుంచి చక్రానికి చేరేది దాదాపు మూడో వంతే. ఆ లెక్కన రోజుకు 10 లీటర్లకు పైగా ఆదా అవుతుంది. కేఎంపీఎల్ నాలుగున్నర వచ్చే బస్సు 200 కిలోమీటర్లకు 44 లీటర్లు తాగుతుంది కాబట్టి, ఇది ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ పొదుపు. లీటరు 95 రూపాయలనుకొని, ఏడాదికి 300 రోజులు తిరిగినా 2,85,000 రూపాయలు మిగులుతాయి. లైనర్ల ఖర్చు తగ్గడం దీనికి అదనం.

ఇది నేను కాగితం మీద వేసుకున్న లెక్కే అయినా, సియాటిల్‌లో నిజంగా కొలిచిన లెక్క దీనికి దగ్గరగానే ఉంది. అక్కడి కింగ్ కౌంటీ మెట్రో, సౌండ్ ట్రాన్సిట్ సంస్థలు 2004లో 60 అడుగుల పొడవున్న, రెండు పెట్టెలు కలిపినట్టుండే 235 హైబ్రిడ్ జంట బస్సులు కొన్నాయి. అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల ఒకటి ఆ బస్సులను అదే రకం డీజిల్ బస్సుల పక్కన పెట్టి ఏడాది పాటు పరిశీలిస్తే, డీజిల్ బస్సు గ్యాలన్‌కు 2.50 మైళ్లు, హైబ్రిడ్ బస్సు 3.17 మైళ్లు ఇచ్చాయి. అంటే 27 శాతం మెరుగు, ఖర్చయ్యే డీజిల్‌లో చూస్తే ఐదో వంతు కంటే కాస్త ఎక్కువ ఆదా. మన లెక్కలోకి మార్చుకుంటే కేఎంపీఎల్ 1.06 నుంచి 1.35కు పెరిగిందన్నమాట. నాలుగున్నర రాలేదని సంజాయిషీలు రాసుకున్న నాకు ఆ అంకెలు చూస్తే మొదట నమ్మబుద్ధి కాలేదు. కానీ ఆ బస్సు పొడవు, బరువు, ఆటోమేటిక్ గేరు, ఆ ఊరి ఎత్తుపల్లాలు తలచుకుంటే అర్థమవుతుంది.

2014 వేసవిలో నేను అటువంటి బస్సులోనే, 550 నంబరు రూటులో, బెల్‌వ్యూ నుంచి సియాటిల్‌కు వెళ్లాను. సరస్సు మీది తేలే వంతెన దాటేంతసేపూ బస్సు ఒకే వేగంతో పోయింది. డ్రైవరు బ్రేకు మీద కాలే పెట్టలేదు, మామూలు డీజిల్ బస్సులో ఉన్నట్టే ఇంజిను మోత వినపడుతూనే ఉంది. ఊరి నడిబొడ్డున నేల కింద సొరంగంలోకి దిగి, స్టేషన్ స్టేషన్‌కూ ఆగడం మొదలుపెట్టాకే తేడా తెలిసింది. ఆగబోయే ముందు సన్నటి ఈల వంటి శబ్దం, ఇంజిను చప్పుడు బాగా తగ్గిపోవడం, కుదుపు లేకుండా మళ్లీ కదలడం. గ్యారేజీలో బతికిన చెవికి అది దాగదు. వంతెన మీద హైబ్రిడ్ ఖరీదంతా ఊరికే మోసుకుపోతున్న బరువు, సొరంగంలో మాత్రం దానికి పని దొరికింది.

ఖరీదు చిన్నది కాదు. ఆ డీజిల్ జంట బస్సు 4,45,000 డాలర్లయితే హైబ్రిడ్ 6,45,000 డాలర్లు. అయితే అమెరికాలో కొత్త బస్సు ధరలో 80 శాతం వరకు కేంద్ర ప్రభుత్వ నిధుల నుంచి రావచ్చు, తర్వాతి డీజిల్ ఖర్చు మాత్రం చాలావరకు స్థానిక సంస్థే భరించాలి. కాబట్టి కొనుబడి ఎక్కువైనా వాడకం ఖర్చు తగ్గే బస్సు వాళ్లకు గిట్టుబాటవుతుంది. మన సంస్థలు తమ సొంత డబ్బుతో, అప్పుతో బస్సు కొనేటప్పుడు ఈ తేడాను మరచిపోకూడదు.

బ్యాటరీ గురించి కూడా ముందే ఆలోచించాలి. లండన్‌లో 2012 నుంచి తిరుగుతున్న కొత్త రూట్‌మాస్టర్ డబుల్ డెక్కర్లలో కొన్నింటికి 2015 నాటికే బ్యాటరీలు దెబ్బతిని, అవి దాదాపు డీజిల్ మీదే నడవాల్సి వచ్చింది. చివరికి బ్యాటరీలు మార్చారు. బ్యాటరీ పనిచేయని హైబ్రిడ్ అంటే, మామూలు బస్సు కంటే బరువైన డీజిల్ బస్సే.

మా డిపో అనుభవం కూడా ఒకటి చెబుతాను. హైబ్రిడ్లు కాదు గానీ, కొత్త రకం బస్సులు నాలుగంటే నాలుగు మాకు ఇచ్చారు. తయారీదారు పేరు ఇక్కడ అవసరం లేదు. అరచేతిలో పట్టే సెన్సర్ ఒకటి చెడిపోతే, అది వచ్చేదాకా ఒక బస్సు నలభై రోజులు పిట్టు పక్కనే నిలబడింది. స్టోర్స్‌లో విడిభాగం లేదు, లాప్‌టాప్ పెట్టి లోపం చదవగలిగిన మనిషి మా దగ్గర లేడు. రోజూ ఉదయం షెడ్యూళ్లు వేసేటప్పుడు ఆ బస్సు కొరత కనపడుతుంటే నాకు ఎంతో బాధగా ఉండేది. మన దేశంలో హైబ్రిడ్ బస్సులు వచ్చిన తీరు కూడా ఇలాంటిదే: నవీ ముంబైకి 2016లో ఐదు, ముంబై బాంద్రా–కుర్లా కాంప్లెక్స్ కోసం 2018లో 25. అంత చిన్న సంఖ్యలో వచ్చే బస్సుకు విడిభాగాలు నిల్వ చేయడం, మెకానిక్కులకు శిక్షణ ఇవ్వడం ఏ డిపోకైనా భారమే. కొంటే ఒకే డిపోకు వంద చొప్పున, మెయింటెనెన్స్ ఒప్పందంతో కలిపి కొనాలి, లేదంటే వదిలేయాలి.

ఇక ఎలక్ట్రిక్‌తో పోలిక. 12 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సు కిలోమీటరుకు సుమారు 1.2 యూనిట్లు వాడుతుందనుకుంటే 200 కిలోమీటర్లకు 240 యూనిట్లు కావాలి. యూనిట్ 7 రూపాయలైతే 1,680 రూపాయలు. అదే దూరానికి డీజిల్ 4,180 రూపాయలు. హైబ్రిడ్ రోజుకు 950 రూపాయలు మిగిల్చే చోట ఎలక్ట్రిక్ 2,500 మిగులుస్తుంది. హైదరాబాదులో 2019 నుంచి నడుస్తున్న ఎలక్ట్రిక్ బస్సుల్లాగా, కిలోమీటరుకు ఇంత అని ఆపరేటరుకు చెల్లించే పద్ధతిలో తీసుకుంటే కొనుబడి భారం కూడా ఒక్కసారిగా సంస్థ మీద పడదు. అందుకే డిపోకు తగినంత కరెంటు లైను తెచ్చుకోగలిగిన నగరానికి ఈ రోజు నేను హైబ్రిడ్‌ను సూచించను. లైను రావడానికి ఏళ్లు పడుతుందని తేలిన డిపోలో, రోజుకు 300 కిలోమీటర్లు దాటే షెడ్యూళ్లు, అడుగడుగునా స్టాపులు ఉంటే మాత్రం హైబ్రిడ్ పనికొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరుగెత్తే సర్వీసుకు అది పూర్తిగా దండగ.

ఘాట్ రోడ్డయితే హైబ్రిడ్‌కు ఎక్కువ లాభం కదా అని కొందరు అంటారు. తిరుమల నుంచి తిరుపతికి దిగే బస్సు సుమారు 700 మీటర్ల ఎత్తు దిగుతుంది. 15 టన్నుల బస్సుకు ఆ దిగుడులో ఉన్న శక్తి 28 యూనిట్ల పైమాటే. టైర్ల రాపిడికి, గాలికి పోయింది పోగా మిగిలేది కూడా హైబ్రిడ్‌లోని చిన్న బ్యాటరీలో పట్టదు. రెండు మూడు మలుపులకే అది నిండిపోయి, తర్వాత మళ్లీ డ్రమ్ములే కాలాలి. పెద్ద బ్యాటరీ ఉన్న ఎలక్ట్రిక్ బస్సు అందులో చాలా భాగాన్ని దాచుకోగలదు. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి, అక్కడ అదే సరైన ఎంపిక.

మీ ఊరి రూటు గురించి ఖచ్చితంగా తెలుసుకోవాలంటే ఒక రోజు ఉదయం ఏడు నుంచి పదింటి దాకా, డ్రైవరు వెనుక సీట్లో కూర్చొని, మంచి వేగం నుంచి ఆగిన ప్రతిసారీ ఒక గీత గీయండి. ఆ సంఖ్యతో పాటు రూటు దూరం, రోజుకు ఎన్ని ట్రిప్పులో ఇక్కడ రాస్తే, నేను లెక్క వేసి చెబుతాను.