వరదలో పశువు పోతే సాయం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: వంశధార వరదలో నాలుగు పాడి గేదెలు, ఒక ఎద్దు పోయాయండి. రెండు గేదెల కళేబరాలే దొరికాయి. ఎంత వస్తుంది? ముందు ఎవరికి చెప్పాలి?
– ఒక రైతు, కాశీనగర్, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్రం ఖరారు చేసిన విపత్తు సాయం రేట్లివి: ఆవుకు, గేదెకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, మేకకు, గొర్రెకు, పందికి 4,000. ఎన్ని పోయినా ఇంటికి పెద్ద పాడిపశువులు 3 లేదా మేక, గొర్రె వంటి చిన్నవి 30, లేదా ఎద్దు వంటి పెద్ద పనిపశువులు 3 లేదా దూడ వంటి చిన్నవి 6 వరకే. అంటే మీ నాలుగో గేదెకు రాదు. ఆ రేట్ల ప్రకారం మూడింటికి 1,12,500. పరిమితుల మధ్య ‘లేదా’ అనే ఉంది కనుక, ఎద్దు డబ్బు కూడా కలిసొస్తుందని ఇప్పుడే అప్పు చేయకండి. ఎద్దు పేరూ దరఖాస్తులో రాయండి, తేల్చాల్సింది తహసీల్దారు.

కబురు పంచాయతీకి, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకు, పశువుల ఆసుపత్రికి ఒకే రోజు వెళ్లాలి. పశువైద్యుడు చూడకముందే పూడ్చేస్తే దరఖాస్తు పోవచ్చు. చెవి ట్యాగు ఊడదీయకండి. దాని 12 అంకెలు కనిపించేలా ఒక ఫొటో, పశువు మొత్తం కనిపించేలా ఇంకొకటి తీయండి. పోస్టుమార్టం, పంచనామా అయ్యాక బావికి, చెరువుకు దూరంగా ఆరడుగులకు తగ్గని గోతిలో సున్నం చల్లి పూడ్చండి.

కొట్టుకుపోయిన వాటికి పోస్టుమార్టం ఉండదు కదా, మరి రుజువేది? ట్యాగు నమోదు, టీకాల రికార్డు, పాల కేంద్రం చీటీలు, ఇరుగుపొరుగు సాక్ష్యం. ట్యాగు నంబరు ఇంట్లో రాసిపెట్టుకోకపోతే టీకాలు వేసిన లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టరును అడగండి.

ప్రశ్న: వరద తగ్గిన పది రోజులకు గొంతువాపుతో ఆవు చచ్చిపోయింది. వరద సాయం వస్తుందా?
– గుణుపూర్ పాఠకురాలు

జవాబు: కష్టమేనమ్మా. ఈ సాయం విపత్తులో పోయిన పశువుకు, రోగంతో పోయినదానికి కాదు. నివేదికలో గొంతువాపు అని పడితే అక్కడితో ఆగుతుంది. వేరేలా రాయమని డాక్టరును బతిమాలవద్దు. మిగతా పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే వేయించండి. ఒక జాగ్రత్త: పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారితే కోయనివ్వకండి, తోలు తీయనివ్వకండి. అది ఆంత్రాక్స్ కావచ్చు. కొరాపుట్, రాయగడ వైపు మనుషులకూ సోకిన రోగమది.

ప్రశ్న: మా ఖాతా పాతపట్నం బ్యాంకులో ఉంది. ఒడిశా డబ్బు పడుతుందా?
– పర్లాకిమిడి రైతు

జవాబు: బ్యాంకు ఆంధ్రలో ఉన్నంత మాత్రాన ఇబ్బంది లేదు. చిక్కంతా పేరుతోనే. ఆధార్‌లో ఇంటిపేరు చివర, పాస్‌బుక్కులో ముందు, ఒడియా రికార్డులో ఇంకో స్పెల్లింగు! దరఖాస్తు ఇవ్వకముందే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మీ ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో బ్యాంకులో అడగండి. రెండు మూడు ఖాతాలుంటే, మీరు మరచిపోయిన దాంట్లో డబ్బు పడి ఉండొచ్చు.

ప్రశ్న: నాటుకోళ్లు, పశువుల పాక పోతే?

జవాబు: పైన చెప్పిన 2025-26 వరకు రేట్ల ప్రకారం కోడికి 100 రూపాయలు, ఇంటికి 10,000 దాటదు. బర్డ్ ఫ్లూతో పోయినవి ఇందులోకి రావు, దానికి పథకం వేరు. ఇంటిని ఆనుకుని ఉన్న పాకకు 3,000. కూలిన పాకను ఫొటో తీశాకే కర్రలు ఎత్తండి.