జింకల కోసం మేత పెంచితే వేట కేసు పెడతారా?

ప్రశ్న: మాది తిరుపతి జిల్లా. భాకరాపేట వైపు అడవి అంచున నాలుగెకరాల మామిడి తోట ఉంది. దాన్ని ఆనుకుని ఎకరం బీడు. అమెరికాలో ఉన్న మా తమ్ముడు అక్కడివాళ్లు జింకల కోసమే మడులు కట్టి మేత పెంచడం చూశాడట. మన బీడులో కూడా ఉలవ, అలసంద చల్లి, జింకలు నాకడానికి ఉప్పు గడ్డ పెట్టి, నీళ్ల తొట్టి కట్టి, తోటలో రెండు గదులు వేస్తే సాయంత్రం జింకలను చూడడానికి అతిథులు వస్తారంటున్నాడు. ఊళ్లో ఒక పెద్దాయన మాత్రం ‘జింకకు మేత వేస్తే వేట కేసు పెడతారు’ అని భయపెట్టారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా సగం సగం వినండి. పెద్దాయన భయం ఉత్తది కాదు. అలాగని ఉలవలు చల్లినవాడల్లా జైలుకు పోడు.

ముందు పెద్దాయన వైపు చూద్దాం. వేట అనగానే మనకు నాటు తుపాకి గుర్తుకొస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అంతటితో ఆగలేదు. సెక్షన్ 2(16) ప్రకారం చంపడం, విషం పెట్టడం, పట్టడం, వెంటాడడం, ఉచ్చు వేయడం, బోను పెట్టడం, తోలడం, ఎర వేయడం అన్నీ వేటే. వాటికి ప్రయత్నించడం కూడా వేటే. చూశారు కదా, ‘ఎర’ అనే మాట అక్కడ స్పష్టంగా ఉంది. మేత చూపించి జంతువును రప్పించడాన్ని ఎర అనడానికి పెద్ద తర్కం అక్కరలేదు. చట్టం చివర జంతువుల జాబితాలు ఉంటాయి, వాటినే షెడ్యూళ్లు అంటారు. మొదటి, రెండో షెడ్యూళ్లలోని జంతువుల వేటను సెక్షన్ 9 నిషేధిస్తోంది. 2022 సవరణ తర్వాత మన జింక జాతులు ఈ రెండింటిలో ఏదో ఒకదానిలో ఉన్నాయి.

ఇక మీ తరఫున వాదిస్తాను. అదే నిర్వచనంలో ‘తోలడం’ అన్న మాట కూడా ఉంది. దాన్ని అక్షరాలా పట్టుకుంటే, రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బా కొడుతూ వేరుశనగ చేనులోంచి జింకలను తోలే ప్రతి రైతూ వేటగాడే అవుతాడు. చట్టాన్ని అలా ఎవరూ చదవరు. తుపాకి ఉన్న వైపుకు, వల ఉన్న వైపుకు తోలడం వేట. పంట కాపాడుకోవడానికి తరిమేయడం వేట కాదు. ఎర విషయమూ అంతే. చంపడం, పట్టడం, ఉచ్చు వేయడం అనే మాటల వరసలో వచ్చిన పదానికి ఆ వరసను బట్టే అర్థం చెప్పుకోవాలని కోర్టులో నిలబడి వాదించవచ్చు. కంటితో చూసి ఆనందించడానికి పెంచిన పచ్చికకు ఆ వరసలో చోటు లేదనే నా అభిప్రాయం. అయితే ‘చూడడం కోసం వేసే మేతకు మినహాయింపు’ అని చట్టంలో ఎక్కడా రాసి లేదు. కాబట్టి ఇది వాదన మాత్రమే, హామీ కాదు. ఆ వాదన నిలుస్తుందా లేదా అన్నది మీ బీడు చుట్టూ ఏముందో దాన్ని బట్టి తేలుతుంది. ఉద్దేశం మనసులో ఉంటుంది, సాక్ష్యం పొలంలో ఉంటుంది.

అటవీ అధికారి వచ్చి ఏం చూస్తారో ఊహించండి. ఉలవ చేను మధ్యలో ఉప్పు గడ్డ. దానికి ఇరవై అడుగుల దూరంలో, ఒక మనిషి పట్టే ఎత్తైన మంచె. మంచెకు బిగించిన బ్యాటరీ లైటు. కంచెలో ఒకచోట జింక దూరేంత సందు వదిలి, ఆ సందులో పక్క పొలంవాడు పందుల కోసం కట్టిన క్లచ్ వైరు ఉచ్చు. ఉచ్చు మీది కాదు, సరే. కానీ మేత మీది, సందు మీది, మంచె మీది. ఆ ఉచ్చులో రేపు ఒక చుక్కల జింక ప్రాణం వదిలితే, మీ అతిథుల ముచ్చట సంగతి వినే ఓపిక ఎవరికి ఉంటుంది? మా వైపు అడవి పందుల కోసం కరెంటు తీగ లాగడం, నాటుబాంబు పెట్టడం ఎంత మామూలైపోయిందో మీకు తెలుసు. రెండూ నేరాలే. మీ చేనుకు జింకలు అలవాటు పడ్డాయంటే చుట్టుపక్కల ఉచ్చులకు మీరే దారి చూపినట్టవుతుంది. సరిహద్దు వెంట వారానికొకసారి నడవండి. ఉచ్చు కనబడితే మీరు తీసి పారేయకండి. ఫొటో తీసి, అటవీ శాఖ బీట్ అధికారికి ఫోను చేసి, ఆయన చేతుల మీదుగానే తీయించండి.

శిక్షలు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. మామూలుగా మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి షెడ్యూలు జంతువైనా, వేట అభయారణ్యంలోనో జాతీయ పార్కులోనో జరిగినా, మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా.

అందుకే మీ బీడు సరిగ్గా ఎక్కడుందన్నది చిన్న విషయం కాదు. మీ పక్కనున్న శేషాచలం అడవిలో శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. 1989లో ప్రకటించారు, దాదాపు 353 చదరపు కిలోమీటర్లు. బీడు అంటున్నారు, అది పట్టా భూమా, డీకేటీనా (ప్రభుత్వం అసైన్ చేసిన భూమి), లేక తాతల కాలం నుంచి దున్నుకుంటున్న అటవీ భూమా? అడంగల్, 1బీ అనే రెవెన్యూ రికార్డులు తీయించండి. సర్వేయరును పిలిచి అటవీ సరిహద్దు రాళ్ల నుంచి కొలిపించండి. రిజర్వు అడవిలోకి పది గజాలు జరిగి ఉలవ చల్లినా 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద అది వేరే కేసు. డీకేటీ అయితే గదులు కట్టే ముందు తహసీల్దారు కార్యాలయం గడప తొక్కక తప్పదు. జాతీయ పార్కు చుట్టూ ఉండే పర్యావరణ సున్నిత మండలం ఆంక్షలు మీ సర్వే నంబరుకు వర్తిస్తాయా అన్నది కూడా అటవీ శాఖ నుంచి రాతపూర్వకంగానే తెలుసుకోండి.

మీ తమ్ముడు చూసింది నిజమే, కానీ సగమే చూశాడు. అక్కడ తెల్లతోక జింకల కోసం మట్టి పరీక్ష చేయించి, పీహెచ్ 6 నుంచి 7 మధ్యకు వచ్చేలా సున్నం చల్లి, తెల్ల క్లోవర్, చికోరీ, ఓట్స్, టర్నిప్ జాతి పంటలు వేస్తారు. మడి మధ్యలో చిన్న వైరు పంజరం ఒకటి నిలబెడతారు. పంజరం లోపల మొక్క ఎంత పెరిగింది, బయట ఎంత మిగిలింది అని పోల్చుకుని జింకలు ఎంత తిన్నాయో లెక్క కడతారు. తెలివైన పనే, నాకూ నచ్చింది. అయితే ఆ మడుల్లో చాలావాటి వెనక ఉన్నది వేట. సీజన్ ఉంటుంది, లైసెన్సు ఉంటుంది, మాంసం ఫ్రీజరులోకి వెళుతుంది. అలా వేటకు అనుమతి ఉన్నచోట కూడా పండించిన చేను వేరు, కుప్పగా పోసిన గింజలు వేరు అని చాలా రాష్ట్రాలు తేడా చూపుతాయి. ఒకేచోట మూతులు పెట్టి తింటే జింకలకు జబ్బులు అంటుకుంటాయని కుప్పలు పోయడంపై కొన్నిచోట్ల నిషేధం కూడా ఉంది. మన దగ్గర వేటకు సీజనే లేదు. కాబట్టి ఆ పద్ధతిని దించుకునేటప్పుడు చేను వరకే దించుకోండి, కుప్ప వద్దు. ఉప్పు గడ్డ అసలే వద్దు. ఉలవ చేను గురించి ‘పశువుల మేతకు వేశాను, జింకలు వచ్చి తిన్నాయి’ అనవచ్చు, అది నిజం కూడా కావాలి. ఉప్పు గడ్డకు అలాంటి సమాధానం లేదు. మీ ఆవులకు పెట్టుకుంటే కొట్టంలో పెట్టుకోండి.

గాలికుంటు వ్యాధి గురించి పశువుల డాక్టరుతో ఒకసారి మాట్లాడండి. పశువుల నుంచి జింకలకూ సోకుతుంది. ఆవులు, జింకలు ఒకే తొట్టిలో నీళ్లు తాగే ఏర్పాటు రెంటికీ మంచిది కాదు.

అతిథుల సంగతి దగ్గరే నాకు అసలు బెంగ. అలిపిరి నడకదారిలో జింకల పార్కు దగ్గర కంచె సందులోంచి క్యారెట్టో కీరదోసకాయో అందించిన సరదా మనలో చాలామందికి ఉంది, మా పిల్లలకూ ఉంది. 2023 ఆగస్టులో అదే నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకున్నాక, దారిలో జంతువులకు ఆహారం పెట్టవద్దని టీటీడీ కట్టడి చేసింది. జింక ఎక్కడ మేస్తే చిరుత అక్కడ తిరుగుతుంది. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అడవి పక్కన పుట్టినవారు. డబ్బు తీసుకుని గది ఇచ్చి, సాయంత్రం ఏడింటికి పిల్లలతో సహా మేత మడి పక్కన కూర్చోబెట్టాక ఏదైనా జరిగితే, ‘అది అడవి జంతువు, నాకేం సంబంధం’ అనే జవాబు నిలవదు. ప్రమాదం ఉందని తెలిసీ జాగ్రత్త తీసుకోలేదని సివిల్ కోర్టులో నష్టపరిహారం అడుగుతారు, వినియోగదారుల కమిషన్‌కూ వెళతారు. ‘మాకు బాధ్యత లేదు’ అని గది తలుపు మీద అంటించిన కాగితం మిమ్మల్ని పూర్తిగా కాపాడలేదు. మడి గదులకు దూరంగా ఉండాలి, మధ్యలో గట్టి కంచె ఉండాలి, చీకటి పడ్డాక అతిథులు బయట తిరగకూడదు. ఇవి కుదరకపోతే గదుల ఆలోచన మానుకోండి. మీ పక్క రైతు కూడా ఊరుకోడు. మీ మేతకు వచ్చిన మంద దారిలో అతని టమాటా తోట తొక్కితే, మీ వల్లే ఈ బెడద అని కోర్టులో ఇంజంక్షన్ (ఆపమనే ఉత్తర్వు) కోరవచ్చు.

అతిథులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. చుక్కల జింక, కణితి (సాంబారు జింక) మగవి కొమ్ములు రాల్చి మళ్లీ పెంచుకుంటాయి. మడిలో ఊడిపడిన కొమ్ము కనబడితే ఎవరైనా ముచ్చటపడి సంచిలో వేసుకుంటారు. మీరైతే వరండా గోడకు తగిలించాలనుకుంటారు. రెండూ వద్దు. వన్యప్రాణి అవయవం మీ అధీనంలో దొరికితే, అది అక్రమంగా రాలేదని రుజువు చేసుకునే భారం సెక్షన్ 57 కింద మీ మీదే పడుతుంది. రాలిన కొమ్మని, ఎవరూ కోయలేదని రేపు ఎవరితో చెప్పిస్తారు? పడినచోటే ఉండనివ్వండి, అటవీ సిబ్బందికి కబురు పెట్టండి. చచ్చిన జింక కనబడినా అంతే. అది ప్రభుత్వ ఆస్తి. మీ చేతికి వచ్చిందంటే 48 గంటల్లోపు దగ్గరి పోలీసు స్టేషనుకో, అధీకృత అటవీ అధికారికో తెలపాలి. కుక్కలు పీకుతాయని మంచి మనసుతో పాతిపెట్టకండి. ఆ గొయ్యి మీకే చుట్టుకుంటుంది.

ఇప్పుడు చేయవలసింది ఒక అర్జీ. ఫారెస్ట్ రేంజ్ అధికారి పేరిట రాసి, నకలు జిల్లా అటవీ అధికారికి పంపండి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఏ పంట వేస్తున్నారు, నీళ్ల తొట్టి ఎక్కడ, కంచె ఏ రకం, అతిథి గదుల ఆలోచన ఉందా, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయండి. అభ్యంతరం ఉంటే రాతపూర్వకంగా తెలపమని కోరండి. నేరుగా ఇస్తే నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి, లేకపోతే రసీదు వచ్చేలా రిజిస్టరు పోస్టులో పంపండి. జవాబు రాకపోవచ్చు, అలవాటే. రాకపోతే దాన్ని అనుమతి అనుకోకండి. కానీ దాచాలనే ఉద్దేశం మీకు లేదని చెప్పడానికి ఆ ముద్ర పడిన కాగితం చాలా పనికొస్తుంది. ఉప్పు గడ్డ గురించి మాత్రం అందులో రాయకండి. ఎలాగూ మీరు దాన్ని పెట్టబోవడం లేదు కదా.