డీజిల్ కారులో మసి సెన్సర్ పాడైతే డీపీఎఫ్ కూడా మార్చాలా?

అక్కర్లేదు, పాడైంది మసిని కనిపెట్టే పీఎం సెన్సర్ ఒక్కటే అయితే దాన్ని మారిస్తే చాలు, పొగలోని మసిని పట్టి ఆపే ఖరీదైన డీపీఎఫ్ ఫిల్టర్ జోలికి వెళ్లాల్సిన పని లేదు.

ఈ సెన్సర్ ఉన్న కార్లలో అది ఫిల్టర్ దాటాక పొగ గొట్టంలో ఉంటుంది. ఫిల్టర్ పగిలి మసి బయటికి వస్తోందేమో చూడటమే దాని పని. కొసన చిన్న సిరామిక్ పలక, దాని మీద ఒకదానికొకటి తగలకుండా దువ్వెన పళ్లలా అమర్చిన సన్నటి లోహపు గీతలు ఉంటాయి. మసి పేరుకుని ఆ గీతలను కలిపితే కరెంటు పారుతుంది. ఎంత త్వరగా పారితే అంత ఎక్కువ మసి వస్తున్నట్టు. తర్వాత లోపలి హీటర్ ఆ మసిని కాల్చేస్తుంది. ఆ హీటర్ పోయినా, వైరు వేడికి కరిగినా, కనెక్టర్‌లో నీళ్లు చేరినా చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, ఫిల్టర్ బాగానే ఉన్నా సరే.

ఉదాహరణకు, కారులోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్‌లో పి24ఏఈ కోడ్ వస్తే అది సెన్సర్ సర్క్యూట్ లోపం. ముందు వైరు, కనెక్టర్ చూడాలి. పి2002 వస్తే ఫిల్టర్ మసిని సరిగా ఆపడం లేదని అనుమానం. కోడ్ చూపించకుండా ఫిల్టర్ మార్చాలంటే మాత్రం ఒప్పుకోకండి. చాలా కార్లలో సెన్సర్, దాని చిన్న కంట్రోల్ బాక్సు కలిపే వస్తాయి, విడిగా దొరకవు.

హైవే మీద కాసేపు స్పీడుగా తోలితే లైటు పోతుందని చాలామంది అనుకుంటారు. అలా తోలితే కాలిపోయేది ఫిల్టర్‌లో నిండిన మసి, దానివల్ల తెగిన వైరు అతకదు. సెన్సర్‌ను వైర్ బ్రష్‌తో గీకడం ఇంకా నష్టం, ఆ సన్నటి గీతలే చెరిగిపోతాయి.