టెక్ సందేహాలు: ఆపదలో మాత్రమే వాడే ఫోన్ ఏది కొనాలి?

ప్రశ్న: మా అమ్మగారు ఒంటరిగా ఉంటారు. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంది కాబట్టి సెల్‌ఫోన్ వద్దంటారు. బయటికి వెళ్లినప్పుడో, ఒంట్లో బాగోనప్పుడో అక్కరకొచ్చేలా చౌకలో ఒకటి కొనిపెడదామని నా ఆలోచన. నెలనెలా పెద్ద ఖర్చు ఉండకూడదు. సొరుగులో పాత నోకియా 1100 ఉంది, ఇప్పటికీ ఆన్ అవుతోంది. అది చాలా? కొత్తది కొనాలా?

జవాబు: ఆన్ కావడం వేరు, కాల్ వెళ్లడం వేరు. నోకియా 1100ని తక్కువ చేసి మాట్లాడలేను. 2003లో వచ్చి పాతిక కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోన్ అది. దుమ్ముకు తట్టుకునేది, పైన టార్చి ఉండేది. కానీ అది 2జీ ఫోన్. 2జీ టవర్ ఉన్నచోటే దానికి పని. సింగపూర్‌లో 2017లోనే 2జీ మూసేశారు. అమెరికాలో ఏటీ అండ్ టీ అనే ఫోన్ కంపెనీ కూడా ఆ ఏడాది మొదట్లోనే ఆపేసింది. బ్రిటన్ కంపెనీలు 2033 కల్లా 2జీ, 3జీ రెండూ తీసేస్తామని ఒప్పుకున్నాయి. మీరున్నచోట 2జీ ఇంకా నడుస్తుంటే పాత ఫోన్ ఇవాళ పనిచేస్తుంది. అవసరం ఇవాళే పడుతుందని ఎవరు చెప్పగలరు?

రోజూ వాడే ఫోన్ పాడైతే ఆ పూటే తెలిసిపోతుంది. ఆపద కోసం దాచిన ఫోన్ పాడైన సంగతి ఆపద వచ్చినప్పుడే బయటపడుతుంది. అందుకని ఇలాంటి ఫోన్ ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒకటే: ఇది మనకు చెప్పకుండా ఎన్ని రకాలుగా మొరాయించగలదు, వాటిలో ఎన్నింటికి ముందే అడ్డుకట్ట వేయగలం? కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ఎఫ్ఎం ఉందా లేదా అన్నవి ఇక్కడ అనవసరం.

ముందు నెట్‌వర్క్. 4జీ కీప్యాడ్ ఫోన్ తీసుకోండి. అయితే పెట్టె మీద 4జీ అని రాసి ఉంటే చాలదు, వోల్టే ఉందో లేదో చూడాలి. 4జీని డేటా కోసం రూపొందించారు. 2జీ, 3జీల్లో ఉన్నట్టు మాటలకు విడిగా లైన్ ఇచ్చే ఏర్పాటు అందులో లేదు. మాటల్ని కూడా డేటాగా మార్చి పంపే పద్ధతే వోల్టే. అది లేని ఫోన్ ఇంటర్నెట్‌కి 4జీ వాడుకుంటుంది గానీ కాల్ అనేసరికి 3జీకో 2జీకో దిగిపోతుంది. ఆ రెండూ లేనిచోట సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే ఉంటాయి, కాల్ మాత్రం వెళ్లదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. కొన్ని ఫోన్లు మామూలు కాల్స్‌ని వోల్టేలో చక్కగా పంపుతాయి, ఎమర్జెన్సీ నంబరు నొక్కితే మాత్రం 3జీ కోసం వెతుక్కుంటాయి. 2024 అక్టోబరు చివర్లో ఆస్ట్రేలియాలో 3జీ ఆపేసినప్పుడు ఇదే పెద్ద తలనొప్పి అయింది. అలాంటి ఫోన్లకు అసలు సర్వీసే ఇవ్వకూడదని అక్కడ నిబంధన పెట్టారు. కఠినంగా ఉందని చాలామంది గొణిగారు గానీ నాకు సబబుగానే తోచింది. రోజూ బాగా పనిచేస్తూ ఆ ఒక్క కాల్‌కే చేతులెత్తేసే ఫోన్ చేతిలో ఉంటే, ఫోన్ ఉందన్న ధీమాతో మనం వేరే దారి కూడా చూసుకోం.

కాబట్టి కొనేముందు సిమ్ ఇచ్చే కంపెనీ వెబ్‌సైట్‌లో, వోల్టే పనిచేసే మోడళ్ల జాబితాలో మీ మోడల్ ఉందేమో చూడండి. వేరే దేశం నుంచి ఎవరో తెచ్చిచ్చిన ఫోన్లతో ఈ చిక్కు మరీ ఎక్కువ. బ్యాండ్లు, అంటే ఫోన్ అందుకునే సిగ్నల్ తరంగాలు, ఇక్కడి టవర్లతో కలవకపోవచ్చు, కలిసినా వోల్టే సెట్టింగులు ఆ దేశపు కంపెనీలకే పరిమితమై ఉండొచ్చు.

తర్వాత సిమ్. ఫోన్ల కంటే సిమ్‌లే ఎక్కువగా చెప్పాపెట్టకుండా పోతాయి. ప్రీపెయిడ్ సిమ్‌ను రీఛార్జ్ చేయకుండా, వాడకుండా వదిలేస్తే కంపెనీ ఆ నంబరు రద్దుచేసి, కొంతకాలం ఆగి ఇంకొకరికి ఇచ్చేస్తుంది. గడువు ఎంతన్నది కంపెనీని బట్టి, ప్లాన్‌ని బట్టి మారుతుంది. ఖర్చు తగ్గాలంటే ఎక్కువ రోజుల గడువున్న చిన్న ప్లాన్ ఒకటి వెతకండి, లేదా మీ పోస్ట్‌పెయిడ్ ఖాతాకే అదనపు లైనుగా కలిపేయండి. నా ఓటు రెండోదానికి. బిల్లు మీకొస్తుంది, అమ్మగారికి గడువుల గొడవ ఉండదు. ప్రీపెయిడే కావాలంటే గడువుకు వారం ముందు గుర్తుచేసేలా రిమైండర్ పెట్టండి. ఆ రిమైండర్ మీ ఫోన్లో ఉండాలి, ఆమె ఫోన్లో కాదు.

పెద్దవాళ్ల కోసం చేసిన చాలా ఫోన్లలో వెనకవైపు ఎస్ఓఎస్ బటన్ ఉంటుంది. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే సైరన్ మోగి, ముందే పెట్టుకున్న నాలుగైదు నంబర్లకు వరసగా కాల్ వెళ్తుంది. మంచి సదుపాయమే. కానీ జాబితాలో మొదటివారి ఫోన్ స్విచాఫ్‌లో ఉండి వాయిస్‌మెయిల్ (మన మాటల్ని రికార్డు చేసుకునే సదుపాయం) ఎత్తిందనుకోండి, చాలా ఫోన్లు దాన్ని ‘ఎవరో ఎత్తారు’ అనే లెక్కేస్తాయి. ఇక రెండో నంబరుకి వెళ్లవు. ఎత్తినవారు ఒక అంకె నొక్కి నిర్ధారిస్తేనే ఆగే మోడళ్లూ ఉన్నాయి, దొరికితే అవే తీసుకోండి. లేకపోతే జాబితాలో ఉన్నవాళ్లంతా వాయిస్‌మెయిల్ ఆపేయాలి. కొన్న రోజునే అమ్మగారి చేతే ఆ బటన్ నొక్కించి చూడండి. సైరన్ మోత మొదటిసారి వింటే ఎవరైనా కంగారుపడి ఫోన్ కింద పెట్టేస్తారు. ఆ కంగారేదో మీ ఎదుటే తీరిపోవాలి.

ప్రశ్న: సిమ్ లేకపోయినా 112 కి కాల్ వెళ్తుందని విన్నాను. అలాంటప్పుడు ఆపద ఫోన్‌కి సిమ్ ఖర్చు ఎందుకు?

జవాబు: విన్నది సగం నిజం. సిమ్ లేకుండా ఎమర్జెన్సీ కాల్ చేసే వీలు మొబైల్ ప్రమాణాల్లోనే ఉంది. సిమ్ తీసేసిన ఫోన్ కూడా 112, 911 తో పాటు 999, 000, 110, 118, 119 వంటి నంబర్లను అత్యవసర నంబర్లుగా గుర్తుపట్టాలని ఆ ప్రమాణాలే చెబుతాయి. అయితే ఫోన్ గుర్తుపట్టడం ఒక ఎత్తు, నెట్‌వర్క్ ఆ కాల్‌ని తీసుకోవడం ఇంకో ఎత్తు. ఈ రెండోది ఆ దేశం ఇష్టం. అమెరికాలో ఏ ప్లానూ లేని ఫోన్ నుంచి వచ్చినా 911 కాల్‌ని కంపెనీలు పంపితీరాలి. బ్రిటన్‌లో సిమ్ లేని ఫోన్ నుంచి కాల్ వెళ్లదు. జర్మనీలో ఒకప్పుడు వెళ్లేది. ఆకతాయి కాల్స్ బెడద భరించలేక 2009 నుంచి సిమ్ తప్పనిసరి చేశారు.

కాల్ వెళ్లే దేశంలో ఉన్నా సిమ్ లేకుండా ఉండమని నేను చెప్పను. మధ్యలో లైన్ తెగితే వాళ్లు తిరిగి మీకు చేయలేరు, మీకు నంబరే లేదు కదా. అమెరికాలో ఇలాంటి ఫోన్ నుంచి కాల్ వస్తే ఆపరేటర్‌కి కనిపించేది 911 తర్వాత ఫోన్ ఐఎంఈఐలోని (ప్రతి ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) ఏడు అంకెలు, అంతే. అయినా ఆపదలన్నీ అంబులెన్స్ దాకా వెళ్లవు. తాళం లోపలే ఉండిపోయి తలుపు మూసుకుపోయింది, బండి దారిలో ఆగిపోయింది, ఆఖరి బస్సు వెళ్లిపోయింది. అప్పుడు మీరు చేయాల్సింది 112 కి కాదు, ఇంట్లోవాళ్లకి.

ప్రశ్న: కారు డ్యాష్‌బోర్డు అరలో ఒక చవక ఫోన్ ఛార్జ్ చేసి, స్విచాఫ్ చేసి పడేద్దామనుకుంటున్నాను. ఎన్నాళ్లు ఉంటుంది?

జవాబు: ఆ అరలో మాత్రం వద్దు. లిథియం అయాన్ బ్యాటరీకి గిట్టనివి రెండు: నిండా ఛార్జ్‌తో వేడిలో ఉండటం, పూర్తిగా అడుగంటిపోయి ఉండటం. ఎండలో మూసి ఉన్న కారు మొదటిది చేసిపెడుతుంది. యాపిల్ తన ఐఫోన్లను స్విచాఫ్‌లో ఉన్నా సరే 45 డిగ్రీల సెల్సియస్ దాటిన చోట ఉంచవద్దంటుంది. ఎండ బాగా కాసే రోజున మూసిన కారులో వేడి దాన్ని తేలిగ్గా దాటుతుంది. ఇక రెండోది: స్విచాఫ్‌లో ఉన్నా బ్యాటరీ కొద్దికొద్దిగా ఖర్చవుతూనే ఉంటుంది. వోల్టేజీ మరీ పడిపోతే బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ లైన్ కట్ చేసేస్తుంది. ఆ తర్వాత ఛార్జర్ పెట్టినా కొన్ని ఫోన్లు లేవవు.

వాడకుండా ఎక్కువకాలం దాచాలంటే సగం ఛార్జ్‌తో స్విచాఫ్ చేసి చల్లటి చోట ఉంచడం మంచిది. యాపిల్ చెప్పేది కూడా ఇదే: దాదాపు 50 శాతం దగ్గర ఆపి దాచి, ఆరు నెలలకోసారి మళ్లీ అక్కడికి తెచ్చిపెట్టమంటుంది. కానీ మీది దాచుకునే వస్తువు కాదు, ఏ క్షణమైనా అవసరపడే వస్తువు. బ్యాటరీ ఆయుష్షులో కొంత పోతే పోనివ్వండి, నెలకోసారి తీసి నిండా ఛార్జ్ చేయండి. పనిలో పనిగా ఒక కాల్ చేయండి. బ్యాటరీ, సిమ్, నెట్‌వర్క్ మూడూ ఆ ఒక్క కాల్‌తో తేలిపోతాయి. ఫోన్‌ని మీ బ్యాగులో ఉంచుకుని, కారులో ఛార్జర్, కేబుల్ మాత్రం వదిలేయండి. ఫోన్ కొనేటప్పుడే మీ అసలు ఫోన్ కేబుల్ దీనికీ సరిపోయేలా చూసుకుంటే అర్ధరాత్రి రోడ్డు మీద వెతుకులాట ఉండదు.

దాచిపెట్టే ఫోన్ అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 2012లో స్పేర్‌వన్ అని ఒక ఫోన్ వచ్చింది. ఒక్క డబుల్ ఏ సైజు బ్యాటరీతో నడిచేది. లిథియం సెల్ వేసి ముట్టుకోకుండా ఉంచితే 15 ఏళ్లు ఛార్జ్ నిలుస్తుందని తయారీదారు మాట. అది 2జీ ఫోన్. బ్యాటరీకి 15 ఏళ్లు నిండకముందే చాలా దేశాల్లో దానికి టవర్లు లేకుండా పోయాయి.

ఆన్‌లోనే ఉంచుతామంటే ఇంకో సంగతి. సిగ్నల్ అందనిచోట ఫోన్ ఊరికే కూర్చోదు, టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, బలహీనంగా ఉంటే ఎక్కువ పవర్‌తో ప్రసారం చేస్తుంది. కీప్యాడ్ ఫోన్ ఛార్జ్ రోజుల తరబడి ఉంటుందన్నది మంచి సిగ్నల్ ఉన్నచోటి మాట.

ప్రశ్న: కీప్యాడ్ ఫోనా, పాత స్మార్ట్‌ఫోనా? మా అన్నయ్య స్మార్ట్‌ఫోనే అంటాడు, ఎక్కడున్నామో దానంతటదే చెబుతుందట.

జవాబు: మీ అన్నయ్య మాటలో విషయం ఉంది. స్మార్ట్‌ఫోన్ నుంచి ఎమర్జెన్సీ నంబరుకి కాల్ చేస్తే, జీపీఎస్, వైఫై సాయంతో మీరున్న చోటు లెక్కగట్టి మీ ప్రమేయం లేకుండానే కంట్రోల్ రూమ్‌కి పంపే పద్ధతి ఒకటి ఉంది, ఏఎంఎల్ అంటారు. 2014లో బ్రిటన్‌లో మొదలైంది. 2016లో గూగుల్ ఆండ్రాయిడ్‌లో పెట్టింది, 2018లో ఐఓఎస్ 11.3తో ఐఫోన్లకూ వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో 2022 మార్చి నుంచి అమ్మే కొత్త స్మార్ట్‌ఫోన్లకు ఇలా లొకేషన్ పంపే సామర్థ్యం తప్పనిసరి. మామూలు కీప్యాడ్ ఫోన్లో ఇది ఉండదు. ఏ టవర్ కింద ఉన్నారో మాత్రమే తెలుస్తుంది. టవర్లు దూరదూరంగా ఉన్నచోట అది కిలోమీటర్ల లెక్క.

ఇల్లూ, ఇంటి చుట్టుపక్కలా తిరిగేవాళ్లకు కీప్యాడే మేలు. అడ్రస్ నోటితో చెప్పగలరు, ఛార్జ్ నిలుస్తుంది, చేతులు వణుకుతున్నా మీటలు తగులుతాయి. ఒంటరిగా దూరప్రయాణాలు చేసేవాళ్లకు, కొండలూ అడవులూ తిరిగేవాళ్లకు పాత స్మార్ట్‌ఫోన్ ఇవ్వండి. బ్యాటరీ ఇంకా గట్టిగా ఉండాలి, లొకేషన్ ఆన్‌లో ఉండాలి, అక్కర్లేని యాప్‌లన్నీ తీసేయాలి. మీరున్న దేశంలో కంట్రోల్ రూమ్‌లు ఈ లొకేషన్‌ని అందుకుంటున్నాయో లేదో కూడా కనుక్కోండి. అందుకోకపోతే ఈ లాభం సున్నా. అసలు టవరే లేనిచోటికి వెళ్తే మాత్రం రెండూ ఒకటే. శాటిలైట్ ఎస్ఓఎస్ ఉన్న ఫోన్లు ఐఫోన్ 14తో 2022 నుంచి వస్తున్నాయి గానీ అవి ‘చౌక’ అన్న మాట దరిదాపుల్లో లేవు.

ప్రశ్న: స్క్రీన్ మీద ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని వస్తోంది. ఫోన్ పాడైనట్టా?

జవాబు: ఫోన్ బాగానే ఉండి ఉంటుంది. మీ సిమ్ కంపెనీ సిగ్నల్ అక్కడ అందట్లేదు, వేరే కంపెనీ టవర్ అందుతోంది. ఆ టవర్ మీ మామూలు కాల్స్ తీసుకోదు, ఎమర్జెన్సీ నంబరు నొక్కితే తీసుకుంటుంది. నాలుగడుగులు జరిగితే సరిపోవచ్చు. ఎక్కడికి వెళ్లినా అదే వస్తుంటే సిమ్ రద్దయిందేమో కంపెనీకి ఫోన్ చేసి అడగండి, వేరే ఫోన్ నుంచి.