జాజికాయ కిక్కు గురించి నా నాలుకనడగండి

"జాజికాయ తింటే గంజాయిలా కిక్కు వస్తుందట, అందులో ఏముంటుంది?" అని అడిగారు. కిక్కు అన్న మాట చూసి ఒళ్ళు మండి రాస్తున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. డిగ్రీ ఆఖరి పరీక్షల టెన్షన్‌లో నాకు నిద్ర పట్టేది కాదు. నాయనమ్మ జాజికాయను సానరాయి మీద రెండు చుట్లు అరగదీసి పాలల్లో కలిపి ఇచ్చేది. రెండు చుట్లకే కునుకు పడితే కాయంతా తింటే ఎంత హాయిగా పడుకోవచ్చో అని నా తెలివి. ఓ రాత్రి మొత్తం దంచి మజ్జిగలో కలిపి తాగేశాను.

పదింటికి ఏమీ లేదు. పదకొండింటికీ లేదు. అసలు మోసం అక్కడే ఉంది, అది పనిచెయ్యడానికి గంటలు పడుతుంది. ఇంకో కాయ దంచబోయి బద్ధకించాను కాబట్టి బతికాను. ఒంటిగంటకి మెలకువ వచ్చేసరికి నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. చెంబెడు నీళ్ళు తాగినా తడి తగల్లేదు. గుండె దడదడ, కడుపులో తిప్పు. గోడ గడియారం ఒకసారి టిక్కుమన్నాక మళ్ళీ ఎప్పుడంటుందా అని చూస్తూ కూర్చున్నాను. రంగులూ లేవు, దేవుళ్ళూ లేరు. చచ్చిపోతున్నానన్న భయం ఒక్కటే.

ఆసుపత్రిలో డాక్టరు నా మొహం చూసి "గంజాయా?" అని ఒడియాలో గద్దించాడు. నాకా కంగారులో ఒడియా మాట తట్టదు, జాజికాయ జాజికాయ అంటున్నాను. పక్క మంచం మీద తాత "జాయిఫళ అంటున్నాడు" అని చెప్పేదాకా నేను గంజాయిగాణ్ణే. 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపారు గానీ, ప్రాణం మీదికొస్తే నోట్లోంచి వచ్చేది తెలుగే. ఆసుపత్రుల్లో తెలుగు తెలిసినవాణ్ణి ఒక్కణ్ణి కూర్చోబెడితే ఏం పోతుందో!

మర్నాడు సాయంత్రం దాకా దిగలేదు. పరీక్ష పోయింది.

ఇక ఏముంటుందంటారా, మిరిస్టిసిన్, ఎలిమిసిన్, సాఫ్రోల్ అనే రసాయనాలు. మిరిస్టిసిన్ ఒంట్లో ఆంఫిటమిన్ జాతి మత్తుమందుగా మారుతుందేమో అని షుల్గిన్ అనే రసాయన శాస్త్రవేత్త 1960లలో అన్నాడు. మనుషుల్లో అలా మారుతుందని ఇప్పటికీ రుజువు కాలేదు. ఆ "ఏమో"ని మన వీడియోల వాళ్ళు మింగేసి "సహజమైన మత్తు" అని థంబ్‌నెయిల్ పెడతారు. ఉమ్మెత్త సహజం కాదా? 1829లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త మూడు కాయలు తిని తన అనుభవం రాసుకున్నాడు, ఆయనది పరిశోధన. మనది ఒట్టి తిక్క. దీన్ని మత్తు అనేవాడెవడూ తిని ఉండడని నా గట్టి నమ్మకం. తిన్నవాడైతే విషం అంటాడు.

పులావులో చిటికెడు వేస్తే ఏమీ కాదు, వేసుకోండి. నాకు మాత్రం ఆ వాసనే పడదు. పెళ్ళిళ్ళలో కిళ్ళీ ఇస్తే ఇప్పటికీ ముందు విప్పి చూస్తాను.