జాజ్ బ్లూస్‌లో ఎనిమిదో బార్ దాటడం: మౌత్ ఆర్గాన్ నేర్చుకునే మేనల్లుడికి

చి. మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

సి కీ మౌత్ ఆర్గాన్ మీద జి బ్లూస్ బాగానే పలుకుతోందనీ, జాజ్ వాళ్లతో కూర్చుంటే మాత్రం ఎనిమిదో బార్ (నాలుగు బీట్ల ఆవర్తం) నుంచి తేలిపోతున్నాననీ రాశావు. కారణముంది. మామూలు బ్లూస్‌లో ఆ బార్ జి7 కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మీదే ఉంటుంది. జాజ్ బ్లూస్‌లో అక్కడ ఈ7 (E7), తొమ్మిదిలో ఏ మైనర్7 (Am7), పదిలో డి7, పదకొండులో మళ్లీ జి7 వస్తాయి. అన్నిటి మీదా ఒకే బ్లూస్ స్కేల్ లాగిస్తే కార్డు మారిన సంగతి నీ వాద్యంలో వినబడదు.

కొత్త స్కేళ్ల జోలికి పోకు. ఎనిమిది నుంచి పదకొండు దాకా బార్‌కి ఒక్క స్వరం, ఆ కార్డులోదే, పట్టుకో: జి షార్ప్, జి, ఎఫ్ షార్ప్, ఎఫ్. అర స్వరం చొప్పున మెట్లు దిగడమే. మూడో రంధ్రం పీలుస్తూ అడుగుదాకా బెండ్ చేస్తే (స్వరాన్ని కిందికి వంచితే) జి షార్ప్. మిగతా మూడూ రెండో రంధ్రం పీల్పులోనే ఉన్నాయి: బెండ్ లేకుండా, సగం బెండ్, పూర్తి బెండ్.

కష్టమంతా ఎఫ్ షార్ప్‌తోనే. జి షార్ప్‌కీ ఎఫ్‌కీ కింద నేల ఉంది. ఆ రంధ్రాల్లో బెండ్ అంతకన్నా దిగదు. ఎఫ్ షార్ప్ మధ్యలో వేలాడుతుంది, కాస్త ఏమరితే ఎఫ్‌కి జారి డి7 డి మైనర్‌లా వినిపిస్తుంది. శ్రుతిపెట్టె డి మీద పెట్టుకో. డి షడ్జమైతే ఎఫ్ షార్ప్ అంతర గాంధారం, ఎఫ్ సాధారణ గాంధారం. ముందు నోటితో పాడు, తర్వాత పీల్చు. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 60 మీద నాలుగు బీట్లు కదలకుండా నిలబడాలి.

ఇంకో చిక్కు, నాలుగూ పీల్పులే కాబట్టి ఊపిరితిత్తులు నిండిపోతాయి. ఏ మైనర్ దగ్గర జి ని మూడో రంధ్రంలో ఊదు. అదే స్వరం, రంధ్రం మారక్కర్లేదు, గాలీ బయటికి పోతుంది.

సి7 వచ్చే రెండో, ఐదో బార్లలో మూడో రంధ్రాన్ని బెండ్ లేకుండా పీల్చి నిలపకు. ఆ బి చెవిలో గుచ్చుకుంటుంది. అర స్వరం దించి బి ఫ్లాట్ చెయ్యి. ఆరో బార్‌లో సి షార్ప్ డిమినిష్డ్ కార్డు వేస్తే నాలుగో రంధ్రం పీల్పు బెండ్ చాలు.

ఇవి కుదిరాక 11, 12 బార్లు చూడు. అక్కడ జి7, ఈ7, ఏ మైనర్7, డి7 రెండేసి బీట్లే ఉంటాయి. స్వరాలు అవే: ఎఫ్, జి షార్ప్, జి, ఎఫ్ షార్ప్. వేగం రెట్టింపు కాబట్టి మెట్రోనోమ్ 40కి దించి మొదలుపెట్టు.

ఇట్లు,
మామయ్య